రెండోవైపు రాయి

“దూస్‌రా కిధర్ హై?”

చందన్‌వాడిలో చీకటి ఇంకా పూర్తిగా విడవని వేళ, సామాన్ల గుర్రం మనిషి నన్నడిగిన మొదటి మాట అది. రెండోది ఎక్కడ అని. “దూస్‌రా నహీ హై, ఏకీచ్ హై” అన్నాను మన సికింద్రాబాద్ హిందీలో, కొంచెం గర్వంగానే. అందరూ మూడేసి నాలుగేసి సంచులతో వస్తుంటే ఒక్క సూట్‌కేసుతో వచ్చిన నన్ను చూసి సంతోషిస్తాడనుకున్నాను. అతను సూట్‌కేసు వైపు చూశాడు, గుర్రం వైపు చూశాడు. తర్వాత ఒక ఖాళీ గోనెసంచి తీసుకుని వాగు ఒడ్డుకు దిగి, రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు.

ఆ రాళ్ల సంగతి చెప్పాలంటే ముందు నా సూట్‌కేసు సంగతి చెప్పాలి.

మాది అల్వాల్. ముప్పై రెండేళ్లు ఒక ప్రైవేటు కంపెనీలో పద్దులు రాసి రిటైరయ్యాను. సికింద్రాబాద్ నుంచి లోకల్ రైల్లో వస్తే మా స్టేషన్‌కి ముందు తగిలే స్టేషన్ పేరు కావల్రీ బ్యారక్స్. ఒకప్పుడు హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాలు బొల్లారం చుట్టుపక్కల ఉండేవి. పేరు మిగిలింది, ఆ గుర్రాలు పోయాయి. ఆ పసుపు బోర్డును కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. బైసన్ పోలో గ్రౌండ్ పక్క నుంచి స్కూటరు మీద అన్ని వేలసార్లూ వెళ్లి ఉంటాను. అయినా గుర్రానికి నేను అతి దగ్గరగా నిలబడింది మా మేనల్లుడి బారాత్‌లోనే. బ్యాండు మోతకు అది ముందు కాలు ఎత్తేసరికి ఫంక్షన్ హాలు గోడ చాటుకు పోయిన ధైర్యవంతుణ్ణి.

అలాంటివాణ్ణి 2023 జులైలో అమర్‌నాథ్ యాత్రకు, అదీ పహల్గాం దారిలో, రెండు రాత్రులు కొండల్లో గుడారాల్లో పడుకుంటూ, గుర్రం మీద బయల్దేరాను. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పాడు కనుక గుర్రం. నేను, మా ఆవిడ, మా బామ్మర్ది, అతని భార్య. బామ్మర్ది ఐదేళ్ల ముందే రెండో దారైన బల్తాల్ మీదుగా నడిచి వెళ్లొచ్చినవాడు. మా ఇంట్లో ఈ విషయంలో అతనే పండితుడు.

నా మొదటి తప్పు ఒంటి విషయంలో జరిగింది. యాత్రికులు కనీసం నెల ముందు నుంచి రోజుకు నాలుగైదు కిలోమీటర్లు నడవాలని, ప్రాణాయామం చేయాలని అమర్‌నాథ్ దేవస్థానం బోర్డు సూచనల్లో స్పష్టంగా ఉంది. నేను సరిగ్గా పన్నెండు రోజుల ముందు మొదలుపెట్టాను. పొద్దున్నే మా చెరువు వైపు నడక, వచ్చేటప్పుడు ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు. “గుర్రం మీద పోయేవాడికి నడక ఎందుకే?” అన్నాను మా ఆవిడతో. ఆమె మాత్రం రెండు నెలల నుంచి నడుస్తోంది, ఎవరికీ చెప్పకుండా. ఆరోగ్య ధ్రువపత్రం చేతికి రాగానే పరీక్ష పాసైనట్టు అనిపించింది నాకు. డాక్టరు సంతకం చేసింది నా రక్తపోటుకీ గుండెకీ. గుర్రం మీద ఆరు గంటలు కూర్చోగల నడుము ఉందా లేదా అని ఆయన చూడలేదు, నేనూ చూసుకోలేదు.

రెండో తప్పు సామాను. పద్దులు రాసినవాడికి జాబితా అంటే ప్రాణం. కంప్యూటర్‌లో పట్టీ వేశాను. అరవై నాలుగు వస్తువులు. చలి ఎక్కువైతే, వాన ఎక్కువైతే, తిండి దొరక్కపోతే, తిన్నది పడకపోతే అని ఒక్కో భయానికీ ఒక్కో వస్తువు. ఆరు చొక్కాలు, రెండు దుప్పట్లు, నీళ్లు కాచుకునే కరెంటు కెటిల్, దానికో ఎక్స్‌టెన్షన్ బాక్సు, అర లీటరు కొబ్బరినూనె, సకినాలు, చెగోడీలు, పెద్ద సీసాలో ఆవకాయ. ఆ ఏడాది యాత్ర దారిలోని లంగర్లలో, అంటే ఉచిత భోజనశాలల్లో, వడ్డించకూడని పదార్థాల జాబితా వచ్చిందని, సమోసా జిలేబీలతో పాటు దోసె, ఊరగాయ కూడా అందులో ఉన్నాయని పేపర్లో చదివాను. కొండ మీద అరుగుదల కష్టమని ఆ జాగ్రత్త. నాకు మాత్రం అది తెలుగువాళ్ల మీద ప్రత్యేకంగా వేసిన నిషేధంలా తోచి, పావు కిలో అనుకున్న ఆవకాయ కిలో అయింది.

ఇవన్నీ పట్టడానికి కొత్త సూట్‌కేసు కొన్నాను. గట్టి ప్లాస్టిక్ పెంకు, నాలుగు చక్రాలు, నంబర్ల తాళం. ఇంట్లో గచ్చు మీద వేలితో తోస్తే గదంతా తిరిగింది. చక్రం తిరగాలంటే కింద చదునైన నేల ఉండాలన్న చిన్న సంగతి నాకు తట్టలేదు. బాత్రూం తూకం మీద పెడితే పందొమ్మిది కిలోలు. “మోసేది గుర్రమే కదా” అన్నాను. ఆ మాట అప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బోర్డు వాళ్ల సూచనల కాగితం కూడా తీసుకున్నాను. తడవకూడదని లామినేషన్ చేయించి, పోకుండా సూట్‌కేసు అడుగున, దుప్పట్ల కింద పెట్టాను.

మళ్లీ చందన్‌వాడికి వద్దాం. పహల్గాం నుంచి పదహారు కిలోమీటర్లు బండిలో వచ్చి దిగే చోటు అది. అక్కడి నుంచి నడకో, గుర్రమో, డోలీయో. మేం కూర్చోవడానికి నాలుగు గుర్రాలు, నలుగురి సామాన్లకూ కలిపి ఒకటి. మా ఆవిడదీ బామ్మర్ది భార్యదీ సమానమైన రెండు మెత్తటి సంచులు, చెరోవైపు కుదిరిపోయాయి. బామ్మర్దిది చిన్న మూట, నడుం మీద మధ్యలో కూర్చుంది. మిగిలింది నా సూట్‌కేసు. ముందు దాన్ని అన్నిటి పైన పెట్టి తాడు బిగించాడు. నున్నటి పెంకు జారి పక్కకు వాలింది. అడ్డంగా పెట్టాడు. చక్రాలు గుర్రం వీపులో గుచ్చుకుంటే అది చర్మం వణికించి పక్కకు జరిగింది. చివరికి ఎడమవైపు సంచి మీద వేసి కట్టి, కుడివైపున ఆ గోనెసంచి వేలాడదీశాడు. అందులో నది రాళ్లు. కాస్త వెనక్కి వెళ్లి చూసి, ఇంకో రాయి వేశాడు. జీను నిటారుగా నిలబడింది.

“రాళ్లెందుకు అన్నయ్యా?” అంది బామ్మర్ది భార్య.

నేను జవాబు చెప్పలేదు. నాకు అప్పటికే అర్థమైంది. చిన్నప్పుడు మా ఊళ్లో కావడి మోసేవాళ్లను చూసినవాణ్ణి. ఒకవైపే కుండ ఉంటే బద్ద భుజం మీద నిలవదు. రేవు నుంచి వచ్చే గాడిద మీద మూటలు ఎప్పుడూ రెండువైపులా సమానంగా ఉండేవి. ముప్పై రెండేళ్లు డెబిట్లు, క్రెడిట్లు సరిచూసినవాడికి రెండువైపులూ సరిపోవాలని వేరే చెప్పాలా? పద్దు తేలనప్పుడు తేడా మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసి తాత్కాలికంగా సరిపెట్టడం మా వృత్తిలో ఉంది. ఆ గోనెసంచి నా సస్పెన్స్ ఖాతా. కాకపోతే దాన్ని మోసేది కాగితం కాదు, ప్రాణం ఉన్న జీవం. గుహలోని స్వామిని చూడటానికి నేను వెళ్తుంటే, నాతోపాటు వాగులోని రాళ్లు కూడా యాత్రకు బయల్దేరాయి.

అయినా అక్కడికక్కడే సూట్‌కేసు తెరిచి సగం వదిలేసే ధైర్యం లేకపోయింది. వెనక జనం, ముందు గేటు, పక్కన బామ్మర్ది. నోరు మూసుకుని నా గుర్రం ఎక్కాను.

‘రౌతు కొద్దీ గుర్రం’ అంటారు. ఆ లెక్కన నా గుర్రం ఆ రోజు చాలా కిందికి దిగజారి ఉండాలి. నేను వేసుకున్నది జీన్స్. గట్టి గుడ్డ కనుక రక్షణ అనుకున్నాను. తొడల లోపలివైపు దాని మందపాటి కుట్టు, జీను అంచు కలిసి గంటలో చర్మాన్ని ఒరిపేశాయి. వదులుగా, లోపల కుట్లు లేని పైజామాలాంటిది వేసుకోవాలని మా గుర్రాల మనిషి చూపుతోనే చెప్పాడు. కాలు పెట్టే ఇనుప వలయాన్ని రికాబు అంటారు. అందులో పాదం ముందు భాగమే ఉంచి, మడమ కిందికి నొక్కాలి. పొరపాటున పడితే పాదం బయటికి జారిపోవాలి. నేను భయంతో మడమ దాకా దూర్చాను. నా కొత్త ట్రెక్కింగ్ బూటు వెడల్పుకు అది అక్కడే ఇరుక్కుంది. రెండుసార్లు దిగి లాగాల్సి వచ్చింది. గుర్రం కొండ ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కి వాలాలి. నేను అన్నిచోట్లా కంచెకు కట్టిన గుంజలా నిటారుగా ఉండి, గుర్రం నడుం మీద ప్రతి అడుగుకూ దెబ్బ వేశాను.

పిస్సూ టాప్ అనే కొండ ఎక్కుడులో ఇంకో విషయం ప్రాణం తీసింది. దారికి ఒకవైపు కొండ గోడ, ఇంకోవైపు లోయ. గుర్రం సరిగ్గా లోయ అంచునే నడుస్తుంది. కళ్లెం లాగినా, బతిమాలినా, శివనామం జపించినా మళ్లీ అంచుకే. దానికి పిచ్చి పట్టిందనుకున్నాను. తర్వాత తెలిసింది. బరువు మోసే గుర్రాలు గోడ పక్కన నడిస్తే పక్కకు పొడుచుకొచ్చిన మూట రాతికి తగిలి లోయవైపు తోసేస్తుంది. అందుకని అవి గోడకు దూరంగా నడవడం నేర్చుకుంటాయి. నేను ఎక్కినప్పుడు కూడా దానికి నేను పొడుచుకొచ్చిన మూటనే.

జోజీబాల్ దాటాక వాన మొదలైంది. నా భుజాన ఉన్నది ఒక్క గొడుగు. నడిచేవాళ్లకు గొడుగు మంచిదే. నేను గుర్రం మీద ఉండి బటన్ నొక్కాను. చెవి పక్కన టప్పుమని నల్లటి రెక్క విచ్చుకునేసరికి గుర్రం బెదిరి పక్కకు దూకింది. నా గుర్రం మనిషి కళ్లెం అందుకోకపోతే ఈ వ్యాసం వేరేవాళ్లు రాయాల్సి వచ్చేది. అతను ఒక్క మాట అనలేదు. గొడుగు తీసుకుని ముడిచి తన చంకలో పెట్టుకున్నాడు. అతనేమో తల నుంచి మోకాళ్ల దాకా పాత ప్లాస్టిక్ పరదా కప్పుకుని ఉన్నాడు, ఎక్కడా చుక్క తగలకుండా. నా వాన కోటు సూట్‌కేసులో, ఆ సూట్‌కేసు ఎక్కడో వెనకాల.

అప్పుడు తెలిసింది చలి అంటే ఏమిటో. బట్టల సంగతి బయల్దేరే ముందు బామ్మర్దిని అడిగాను. “ఒక స్వెట్టరు చాలు బావా, ఎక్కుతుంటే చెమటలు పడతాయి” అన్నాడు. అతను చెప్పింది నిజమే, నడిచినవాడికి. నడిచేవాడి ఒంట్లో వేడి పుడుతుంది. గుర్రం మీద కూర్చున్నవాడు కష్టపడడు కనుక వేడీ పుట్టదు. గాలికి అడ్డంగా, ఎత్తులో, కదలకుండా కూర్చుంటాడు. చెమటలు గుర్రానివి, వణుకు నాది. నడిచినవాడి అనుభవాన్ని ఎక్కేవాడు అరువు తెచ్చుకోకూడదు.

ఇంకో మోసం కూడా ఉంది గుర్రంలో. మన హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 1,800 అడుగుల ఎత్తు. మా మొదటి రాత్రి మజిలీ శేషనాగ్ 11,700 అడుగులు. మర్నాడు దాటే మహాగుణాస్ కనుమ 14 వేల అడుగుల పైన. నడిచేవాడికి ఊపిరి ఆడకపోతే కాళ్లే ఆగుతాయి, ఒళ్లు తనంతట తాను బ్రేకు వేస్తుంది. గుర్రం మీద ఆ బ్రేకు లేదు. పల్చటి గాలిలోకి మనల్ని హాయిగా మోసుకుపోయి దించుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు శేషనాగ్ శిబిరంలో దిగేసరికి నా తల బద్దలవుతోంది, కడుపులో తిప్పుతోంది. పహల్గాంలో ఒక రోజు ఆగి ఒళ్లు అలవాటు చేసుకుందామని మా ఆవిడ అంటే ‘టైమ్ వేస్టు’ అని కొట్టేసింది కూడా నేనే.

సామాన్ల గుర్రం రాలేదు. రెండయింది, మూడయింది. తడి జీన్స్ ఒంటికి అంటుకుని, గుడారంలో నలుగురం అద్దె రజాయిల కింద ముడుచుకున్నాం. మా ఆవిడ తన భుజం సంచి తెరిచింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడి మేజోళ్లు, ఒక శాలువా, మంకీ క్యాప్, గుప్పెడు ఎండు ఖర్జూరాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, చిన్న టార్చి. ఆ సంచి మొత్తం మూడు కిలోలు ఉండదు. ఒక జత మేజోళ్లు బామ్మర్ది భార్యకు, శాలువా నాకు. నీలం పూల శాలువా కప్పుకుని, ఆడవాళ్ల మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్న మాజీ చీఫ్ అకౌంటెంటును మా బామ్మర్ది ఫొటో తీశాడు. ఆ ఫొటో మా చుట్టాలందరి ఫోన్లలో ఉంది.

మాకు గుడారం అద్దెకిచ్చినతను, తడిసి వణుకుతున్న నన్ను చూసి చాయ్ ఇచ్చి, 1996 గురించి చెప్పాడు. ఆ ఆగస్టులో వాన, మంచు ఒక్కసారిగా కమ్మేసి ఈ దారిలోనే 240 మందికి పైగా యాత్రికులు చనిపోయారు. చాలామంది ఒంటి మీద సరైన బట్టలు లేవు. ఆ దుర్ఘటనపై వేసిన నితీశ్ సేన్‌గుప్తా కమిటీ యాత్రికుల సంఖ్యకు పరిమితి ఉండాలని సూచించింది. ఆ తర్వాత 2000లో చట్టం చేసి దేవస్థానం బోర్డును ఏర్పాటు చేశారు. పత్రికల్లో ఆ వార్త చదివిన గుర్తు నాకూ ఉంది. అప్పుడు నా వయసు ముప్పైల్లో. ‘అయ్యో’ అని పేజీ తిప్పేశాను. ఇరవై ఏడేళ్ల తర్వాత అదే కొండ మీద, అరవై నాలుగు వస్తువులకు యజమానినై, ఒక్కటీ చేతికందక కూర్చున్నాను. వాళ్ల దగ్గర బట్టలు లేకపోవడానికి పేదరికమో, తెలియనితనమో కారణం. నా సంగతి అలా చెప్పుకోవడానికి కూడా లేదు.

సామాను ఐదున్నరకు వచ్చింది. ఆలస్యం ఎందుకని అడగబోయి ఆగిపోయాను. పిస్సూ టాప్ ఎక్కుతుంటే నా సూట్‌కేసు రెండుసార్లు జారిందట. రెండుసార్లూ సామాన్ల గుర్రం మనిషి దాన్ని ఆపి, మొత్తం దింపి, రాళ్లు సరిచేసి మళ్లీ కట్టాడట. అంటే బామ్మర్ది భార్య నాలుగున్నర గంటలు వణికింది నా చక్రాల వల్ల. గుర్రం వీపు మీద తాడు ఒరుసుకున్న చోట వెంట్రుకలు చెదిరి తడి మెరుస్తోంది. అతను దాని మీద అరచేత్తో రాస్తున్నాడు, ఏదో చెబుతున్నాడు దానికి, కశ్మీరీలో.

సూట్‌కేసు తెరిచాను. పైనుంచి కిందిదాకా ఎర్రటి నూనె. పడినప్పుడు ఆవకాయ సీసా పగిలి, ఆరు చొక్కాలకూ రెండు దుప్పట్లకూ సమానంగా పంచింది. కొబ్బరినూనె తెల్లటి రాయిలా గడ్డకట్టింది. కెటిల్ పెట్టడానికి ప్లగ్గు లేదు. ఫోను తీసి అమ్మాయికి చెబుదామంటే సిగ్నల్ లేదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదన్న సంగతి మా కాలనీలో చిన్నపిల్లాడికి కూడా తెలుసట. దుప్పట్ల కింద అడుగున, లామినేషన్ చేయించిన కాగితం మాత్రం చెక్కుచెదరలేదు. మా ఆవిడ నూనె తుడిచి టార్చి వెలుగులో చదివింది. మన సామాను మోసే గుర్రాలూ కూలీలూ ఎప్పుడూ మనతోనే ఉండేలా చూసుకోవాలి, ఏ క్షణాన ఏది కావలసి వస్తుందో తెలియదు అని. బట్టలు నీళ్లు చొరని సంచిలో పెట్టుకోవాలి అని. ఆమె కాగితం దించి నా వైపు చూసింది. “చదివే పెట్టారా, చదవకుండా పెట్టారా?” అంది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తలనొప్పి వల్ల కొంత, రాళ్ల సంచి వల్ల కొంత. గుడారం బయట సామాన్ల పక్కనే అది ఉంది. పోతుందన్న భయం లేదు, ఎవరూ ఎత్తుకుపోరు.

తెల్లారగానే చేయాల్సిన పని చేశాను. సకినాలు, చెగోడీలు పక్క గుడారాల పిల్లలకు. కెటిల్, బాక్సు, ఒక దుప్పటి గుడారం అతనికి. అతని దగ్గరే రెండు గోనెసంచులు అడిగి, మిగిలిన బట్టల్ని లోపల ప్లాస్టిక్ కవరు పెట్టి సర్దాను. ఖాళీ సూట్‌కేసు ఒక్కటే నాలుగు కిలోల పైన తూగింది. అదీ అక్కడే వదిలేశాను, తాళం నంబరు కాగితం మీద రాసిచ్చి. నా పందొమ్మిది కిలోలు ఏడయ్యాయి. ఆ ఏడు రెండు సంచుల్లో సగం సగం.

నేను ఒక్కో వస్తువు తీసి పక్కన పెడుతుంటే సామాన్ల గుర్రం మనిషి చూస్తూ ఉన్నాడు. మధ్యలో లేచి గోనెసంచి విప్పి ఒక రాయి తీసి విసిరేశాడు. నేను ఇంకో దుప్పటి తీశాను. అతను ఇంకో రాయి తీశాడు. మా ఇద్దరి మధ్యా మాట లేదు. చివరికి సంచి తిరగేసి దులిపి, మడిచి జీను కింద పెట్టాడు.

జీవితమంతా జమాఖర్చులు రాసినవాడికి అక్కడ లెక్క తేలింది. నేను వదిలింది పన్నెండు కిలోలు. రాళ్లతో కలిపి గుర్రానికి తగ్గింది రెండింతలకు పైనే. అనవసరమైన బరువు ఎప్పుడూ ఒంటరిగా ఎక్కదు. దాన్ని నిలబెట్టడానికి రెండోవైపు ఇంకో అనవసరం కావాలి. సూట్‌కేసు విషయంలో అది రాయి. ఇంట్లో అయితే అల్మారాకు ఇంకో అల్మారా, వస్తువుకు బీమా, భయానికి ఇంకో భయం. దూస్‌రా కిధర్ హై అని అతనడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఒక రోజు ఆలస్యంగా అందింది.

మిగతా యాత్ర గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అదే దాని గొప్పతనం. మహాగుణాస్ కనుమ దగ్గర నిటారు దిగుడులో గుర్రం దిగి నడిచాను. పంచతరణిలో రెండో రాత్రి. మర్నాడు అక్కడి నుంచి ఆరు కిలోమీటర్ల దూరంలో గుహ, 12,700 అడుగుల ఎత్తున. మంచులింగం ముందు నిలబడింది కొద్ది క్షణాలే. ఏమీ కోరుకోలేదు. కోరికల జాబితా కూడా ఆ సూట్‌కేసులోనే ఉండిపోయినట్టుంది. బల్తాల్ వైపు పద్నాలుగు కిలోమీటర్లు దిగి, సామాన్ల గుర్రం మనిషికి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు, మాట్లాడుకున్నదానికి కొంత కలిపాను. అతను ఆ ఎక్కువను లెక్కపెట్టి, గుర్రం మెడ తట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక చదివాను. బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని అరికట్టడానికి 1965లో కేంద్రం చేసిన నిబంధనలు ఉన్నాయి. మోతకు వాడే జంతువుపై ఎంత బరువు వేయవచ్చో వాటిలో రాసి ఉంది. గాడిద మీద 50 కిలోలు, పొట్టిగుర్రం మీద 70, కంచరగాడిద మీద 200. నా బరువు 78. మిగతా లెక్క మీరే వేసుకోండి. ఆ కాగితం చూసిన రోజు నుంచి ఇరానీ చాయ్ ఉంది, బిస్కట్లు లేవు.

వెళ్లబోయేవాళ్లు ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను జాబితా ఇవ్వను. సామానును మూడు చోట్ల పెట్టమంటాను: ఒంటి మీద, భుజం మీద, గుర్రం మీద. ఒంటి మీద, జేబుల్లో ఉండాల్సినవి యాత్ర కార్డు, మన పేరు, తోటివారి ఫోన్ నంబరు రాసిన చీటీ, రోజూ వేసుకునే మందులు, చిల్లర నోట్లు, చొక్కా లోపల ఫోను. చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఒంటి వేడి దానికి మంచిది. భుజం సంచిలో వాన కోటు, ఒక ఉన్ని స్వెట్టరు, పొడి మేజోళ్లు, చేతితొడుగులు, నీళ్లు, టార్చి, కాస్త తిండి. వాన కోటు ఎక్కకముందే తొడుక్కోవాలి, గుర్రం మీద ఉండి దులపకూడదు. గుర్రం మీద పెట్టేది రాత్రి దాకా అక్కర్లేనిదై ఉండాలి. అది మెత్తటి సంచుల్లో, సమానమైన రెండు భాగాలుగా ఉండాలి. ఆ గుర్రం రాకపోయినా మొదటి రెండు చోట్ల ఉన్నవాటితో ఒక రాత్రి గడవాలి. గడవదనిపిస్తే సర్దడం మళ్లీ మొదలుపెట్టాలి.

ఒంటి సంగతికి వస్తే, మోకాళ్లు బాగాలేనివాడు కూడా నెల ముందు నుంచి నడవాలి. వీలుంటే ఎక్కడైనా ఒక గంట గుర్రం ఎక్కి చూడాలి. ఆ గంటలో తెలిసేది నా అరవై నాలుగు వరసల పట్టీలో లేదు. అన్నిటికంటే ముందు, బరువు మోసేవాణ్ణి అడగాలి. నేను బామ్మర్దిని అడిగాను, దుకాణదారుణ్ణి అడిగాను, ఇంటర్నెట్‌ను అడిగాను. పహల్గాంలో ఒక సాయంత్రమంతా గుర్రాలవాళ్ల పక్కనే కూర్చుని చాయ్ తాగాను. ఒక్కణ్ణి కూడా, ‘అయ్యా, ఇది నీ గుర్రానికి కుదురుతుందా?’ అని అడగలేదు.

మొన్న మే నెలలో మా బామ్మర్ది కొడుకు బుల్లెట్ బండి మీద లద్దాఖ్ పోతానని వచ్చాడు. మా ఇంటి ముందే బండికి సంచులు కట్టుకున్నాడు. నేను వరండాలో కుర్చీ వేసుకుని, నా అనుభవమంతా చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నాను. వాడు ఒకవైపు సంచిలోంచి పనిముట్ల డబ్బా తీసి రెండోవైపు పెట్టాడు. చేత్తో ఎత్తి చూసి, నీళ్ల సీసా ఇటు మార్చాడు. రెండూ సరిసమానంగా వేలాడాయి.

“ఎవరు చెప్పార్రా నీకు?” అన్నాను.

“ఎవరు చెప్తారు మామయ్యా. పొద్దున శామీర్‌పేట దాకా పోయొచ్చిన, బండి ఒకదిక్కు గుంజింది” అన్నాడు తాడు బిగిస్తూ.

బండి గుంజితే వాడికి తెలిసింది. చందన్‌వాడిలో చక్రాలు వీపులో గుచ్చుకున్నప్పుడు ఆ గుర్రం చర్మం వణికించి పక్కకు జరిగింది. నేను చూస్తూనే ఉన్నాను.